మసుయో గారి వంతు

శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా మసుయో గారు ఆ రాక్షసుణ్ణి చంపకపోతే, సోమవారం నుంచి ఆవిడ భర్త ఇవాకురా గారు తన బావమరిది పార్కింగ్ స్థలంలో కాపలా కాయాలి. యూనిఫాం అప్పటికే వచ్చేసింది. ఒక సైజు పెద్దది. దాన్ని ఆఫీసు గుమ్మం పక్కన మేకుకి తగిలించి, లోపలికొస్తున్నప్పుడల్లా అది కనపడకుండా ఆయన మొహం పక్కకి తిప్పుకునేవారు.

మత్సుయామా ఊళ్లో మూతపడిన ఒక చాపల కొట్టు మీది గదే మా ఆఫీసు. ఉన్నది ఇద్దరమే. అరవై ఒక్కేళ్ల ఇవాకురా గారు కథ రాస్తారు, బొమ్మలు వేస్తారు. నేను, అంటే తొకియె, రాక్షసుడి దెబ్బ ఎంత, మందాకు తింటే ఎంత ప్రాణం లేచొస్తుంది లాంటి అంకెలు చూసుకుంటాను. ఆరేళ్లు ఒకే వీడియో గేమ్ మీద కూర్చున్నాం. నా చిన్నప్పటి గేముల్లాగే గళ్లుగళ్లుగా బొమ్మలు, పీపీమనే పాటలు, ఒక పక్క నలుగురు బాటసారులు, ఇంకో పక్క రాక్షసుడు. మీరు కొట్టాక వాడు కొడతాడు, మళ్లీ మీ వంతు. మీరు బటన్ నొక్కేదాకా ఎవడూ మీ జోలికి రాడు. మా అక్కయ్యకి చూపిస్తే బ్యాంకులో క్యూ లాగుందంది. ఇవాకురా గారు మాత్రం, "బయట అందరూ తరిమేవాళ్లేనమ్మా. మన గేములో రాక్షసుడు కూడా ఆగుతాడు. అది చాలు" అనేవారు.

గేమ్ విడుదల చేస్తామన్న టోక్యో కంపెనీ ఒక షరతు పెట్టింది. తయారీలో చెయ్యి పెట్టని మనిషి ఎవరైనా సరే, వాళ్ల ఉద్యోగి కళ్లెదుట, గేమ్ మొదటి నుంచి చివరిదాకా ఆడి గెలవాలి. తయారు చేసినవాళ్లు గదిలో ఉండొచ్చు కానీ నోరు విప్పకూడదు. విప్పితే పరీక్ష రద్దు. గడువు దాటితే విడుదలలో మా చోటు ఇంకొకరికి పోతుంది, మా ఆఫీసు మూతపడుతుంది. ఆడతానన్న కాలేజీ కుర్రాడికి సరిగ్గా మంగళవారం గవదబిళ్లలు లేచాయి. వేరే మనిషి దొరక్క ఇవాకురా గారు భార్యను బతిమాలి కూర్చోబెట్టారు.

టోక్యో నుంచి వచ్చిన హొసాకాకి పాతికేళ్లుంటాయి. టై ముడి గొంతుకి ఉరిలా బిగించుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, మూడు రోజులూ నిటారుగా కూర్చున్నాడు. బొటనవేళ్లు అరిగిపోయేలా నొక్కే గేములు తప్ప ఇలాంటివి ఎప్పుడూ చూడలేదట. మొదటి రోజు రెండుసార్లు ఆవలించాడు, రెండుసార్లూ క్షమాపణ చెప్పాడు.

మసుయో గారి ఆట చూడాలంటే ఓపిక కావాలి. ఊళ్లో ప్రతి మనిషినీ రెండేసి సార్లు పలకరించారు. ప్రతి ఇంట్లో ప్రతి సొరుగూ తెరిచి చూశారు. దొరికిన ప్రతిదీ సంచీలో వేసుకున్నారు, ఏదీ బయటికి తియ్యలేదు. శుక్రవారం మధ్యాహ్నం చివరి రాక్షసుడి ముందుకు చేరేసరికి ఆ సంచీలో తొంభై తొమ్మిది మందాకులు, నలభై బాంబులు, ఒక అమృతం సీసా ఉన్నాయి. ఆ సీసా గేము మొత్తానికి ఒక్కటే. తాగితే నలుగురికీ నిండు ప్రాణం వస్తుంది. అది తాగకుండా వాడు చావడు. ఆవిడ ఆకులు తిన్నారు, బాంబులు వేశారు, సీసా మాత్రం ముట్టుకోలేదు. నలుగురూ చచ్చారు. ఆ పోరు మళ్లీ మొదలుపెట్టి మళ్లీ చచ్చారు. నాలుగింటికల్లా ఏడుసార్లయింది.

తప్పు నాది. వాడి అంకెలు పెట్టినప్పుడు ఇంతదూరం వచ్చినవాళ్లు సీసా తాగకుండా ఎలా ఉంటారులే అనుకున్నాను. పరీక్షించేటప్పుడు నేను తాగాను కూడా, వాడే ఆఖరివాడని నాకు తెలుసు కాబట్టి. కానీ నా ముప్పై ఏళ్ల ఆటలో, వేరేవాళ్ల గేముల్లో, అలాంటి సీసా ఒక్కదాని మూత కూడా తియ్యలేదు నేను. రేపు ఇంకా పెద్దవాడు తగులుతాడేమోనని దాచడం, దాచిన సీసాతోనే గేమ్ అయిపోవడం. మాలాంటివాళ్లందరిదీ ఇదే బుద్ధి. అది నాకే గుర్తు రాలేదంటే నన్నేమనాలి? నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఆ చప్పుడు కూడా సైగ కింద లెక్కేస్తారేమోనని మానేశాను.

చివరికి హొసాకాయే ఉండబట్టలేక అడిగాడు, ఆ సీసా ఎందుకు వాడరని. తర్వాత కావాల్సొస్తుందన్నారావిడ. ఇదే చివరి రాక్షసుడు కదా అన్నాడతను.

"ఎవరు చెప్పారు బాబూ?" అని మసుయో గారు తల తిప్పకుండానే బొటనవేలితో వెనక ఉన్న భర్తను చూపించారు. "ఈయన్ని నమ్మమంటావా? పెళ్లికి ముందు ఒక గేమ్ చేసి తెచ్చిచ్చారు. వీడే చివరివాడు అన్నారు. సరేనని ఉన్నదంతా వాడి మీద పోసేశాను. వాడు చచ్చాడు. చచ్చినవాడి పొట్టలోంచి ఇంకొకడు లేచాడు. ముప్పై నాలుగేళ్లయింది, ఆ రెండోవాణ్ణి ఇప్పటికీ చంపలేదు నేను. అయినా ఈయన్ని చేసుకున్నాననుకో, అది వేరే సంగతి."

నాకు ఒళ్లు మండింది. ఈ గేములో కూడా పొట్టలోంచి లేచే రెండోవాడు ఉండేవాడు. వాడి అంకెల మీద నాలుగు నెలలు చచ్చాను. పోయిన శరదృతువులో ఇవాకురా గారు కారణం చెప్పకుండా వాణ్ణి తీసేయించారు. వారం రోజులు మాటల్లేవు మాకు. ఇప్పుడు చూస్తే ఆయన చెవులు ఎర్రబడ్డాయి, చూపు నేల మీద ఉంది. ఆ కారణమేదో అప్పుడే చెబితే ఆయన సొమ్మేం పోయేది? తిట్టాలనిపించింది, జాలేసింది కూడా. ఇంకెవరూ లేరన్న ఒక్క ముక్క భార్యకి చెప్పాలి. అదే చెప్పకూడదు.

ఎనిమిదోసారి నాలుగున్నరకల్లా నలుగురూ కొసప్రాణంతో ఉన్నారు. రాక్షసుడు కొట్టడం అయింది. మసుయో గారి వంతు వచ్చింది. బాణం గుర్తు సీసా పక్కన మిణుకుమిణుకుమంటోంది. ఆవిడ కంట్రోలర్ కింద పెట్టి ఒక కమలాపండు తీసుకుని, తొక్క వలిచి, తొనల మీది తెల్లటి పీచు ఒక్కొక్కటే తియ్యడం మొదలుపెట్టారు. రాక్షసుడు ఆగాడు. గడియారం ఆగలేదు. ఇవాకురా గారు చేతిరుమాలు కొస నమలసాగారు. హొసాకా నోటుపుస్తకం ఎప్పుడు మూశాడో చూడలేదు, ముందుకు వంగి తెర వైపే చూస్తూ ఏవో అంకెలు గొణుక్కుంటున్నాడు.

అయిదయింది. హొసాకా ఫోను మోగింది. అవతల అతని పై అధికారి గొంతు మాక్కూడా వినపడింది. పూర్తయిందా లేదా అని అడుగుతున్నాడు. ఇవాకురా గారు కళ్లు మూసుకున్నారు.

"ఇంకా ఆవిడ వంతే నడుస్తోంది సార్" అన్నాడు హొసాకా, తెర మీంచి చూపు తిప్పకుండా. అవతల ఏదో అరుపు. "నిజమే సార్, అయిదయింది. కానీ ఆవిడ నొక్కేదాకా ఎవరూ కదలడానికి లేదు. రాక్షసుడే ఆగాడు సార్. మీరూ ఆగండి." ఫోను కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక తను చేసిందేమిటో అర్థమైనట్టుంది, మొహం పాలిపోయింది.

మసుయో గారు అతని వైపు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, కళ్లు మూసుకుని నిలబడ్డ భర్తను చాలాసేపు చూశారు. వేళ్లు తుడుచుకుని కంట్రోలర్ తీసుకున్నారు.

"ఈసారి కూడా ముంచారో, మళ్లీ మీ మొహం చూడను" అని సీసా మూత తీశారు.

ఇంకో నాలుగు వంతులకి రాక్షసుడు గళ్లుగళ్లుగా విరిగి రాలిపోయాడు. తెర నల్లబడింది. ఆవిడ రెండోవాడి కోసం కంట్రోలర్ని గుండెలకి ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. పాట మొదలైంది, మా పేర్లు కింద నుంచి పైకి రాసాగాయి. హొసాకా నోటుపుస్తకం తెరిచి, పరీక్ష నెగ్గిందని రాసి సంతకం పెట్టాడు.

"ఇంకెవరూ రారు" అన్నారు ఇవాకురా గారు. మూడు రోజుల్లో ఆ గదిలో ఆయన అన్న మొదటి మాట అది. "నీకోసమే తీసేశాను."

ఆవిడ నమ్మలేదు. పేర్లన్నీ వెళ్లిపోయి, పాట ఆగి, గేము మొదటి పేజీ మళ్లీ వచ్చేదాకా చూశారు. అప్పుడు కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టి కళ్లు తుడుచుకున్నారు.

"ముప్పై నాలుగేళ్లకి ఒక్క మాట మీద నిలబడ్డారు" అన్నారు.