కటింగ్ గీతకు అవతల

పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చయిన పదకొండో ఫారం మడతలు సగం పైగా అయిపోయాయి. కాగితాన్ని ఎడమచేత్తో లాగడం, మూలకు మూల కలపడం, అరచేత్తో నిమరడం, చెక్కపలకతో మడత మీద ఒక్క గీటు గీయడం. తర్వాత అడ్డంగా తిప్పి రెండో మడత, మూడో మడత. ఆ బైండింగ్ షాపులో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. మనిషి సన్నగా నిటారుగా ఉంటుంది, మాట గుచ్చుకుంటుంది, అందుకని అందరూ ఆమెను దబ్బనం అంటారు. ఎదురుగానే అంటారు. ఆమె పలుకుతుంది కూడా.

కుడి బొటనవేలి గోరు అరిగి పలచబడిపోయింది. వేళ్ళ చివర గీతలు కాగితం ఎప్పుడో తినేసింది. అరచేతులకు చెమట పడితే కాగితానికి మరక అవుతుందని గంటకోసారి గుడ్డకు తుడుచుకుంటుంది. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్క కాగితం పాడవలేదు. ఆ మాట షాపులో ఎవరూ పైకి అనరు గానీ, అందరికీ తెలుసన్న సంగతి ఆమెకు తెలుసు.

ఇప్పుడు నడుస్తున్నది పెద్ద పుస్తకం. గడిచిన నూరేళ్ళ చరిత్రనంతా ఫొటోల్లో చెప్పే పుస్తకం. కాగితం బాగా మందం, మిషన్ మీద మడిస్తే పగులుతుందని చేతిమడతకు ఇచ్చారు. వారం రోజులుగా ఆ నూరేళ్ళూ దబ్బనం చేతుల కిందుగా వెళ్ళిపోతున్నాయి. యుద్ధానికి బయల్దేరిన రైళ్ళు, కిరోసిన్ క్యూలు, వీధిలోకి వచ్చిన మొదటి రేడియో, వరదలో ఇంటికప్పు ఎక్కిన మేక. ఆమె వేటినీ చూడలేదు. బొమ్మలు చూసేవాళ్ళ మడత వంకర పోతుందని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది ఆమే.

కానీ పన్నెండో ఫారంలో వంతెన ఫొటో ఉందని షాపులో అనుకోగా విని ఆమెకు మూడు రోజులుగా తెలుసు. తెలిసినప్పటి నుంచీ కడుపు మండుతూనే ఉంది.

నలభై ఎనిమిదేళ్ళ కిందట నది మీద వంతెన తెరిచిన రోజున ఎవరో ఫొటోగ్రాఫరు జనంలో ఒక పిల్లను ఫొటో తీశాడు. పదిహేడేళ్ళ పిల్ల, గాలికి జుట్టు ఎగురుతుంటే పక్కకు తిరిగి విరగబడి నవ్వుతోంది. మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ పిల్ల దబ్బనానికి అక్క. అంతే, ఆ రోజు నుంచి అక్క వంతెన పిల్ల అయిపోయింది. పేపరు ముక్క అద్దం కట్టించుకుని గోడెక్కింది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లను వదిలేసి ఫొటోను చూసి ఒప్పుకున్నారు. దబ్బనానికి మాత్రం తన పెళ్ళిలో కూడా వంతెన పిల్ల చెల్లెలన్న పేరే మిగిలింది. ఆఖరికి ఆమె భర్త పోయిన రోజున పలకరించడానికి వచ్చిన ఒకావిడ, కళ్ళు ఒత్తుకుంటూనే, "ఆ ఫొటోలో ఉన్నది మీ అక్కయ్యగారేనా?" అని అడిగింది.

ఇదంతా ఒక ఎత్తు. ఆ రోజు వంతెన మీద తను కూడా ఉంది. అది ఎవరూ నమ్మకపోవడం ఇంకో ఎత్తు. ఆరేళ్ళ వయసు, ఒళ్ళు కాలిపోతున్న జ్వరం, చెవులకు చుట్టిన నాన్న మఫ్లరు, అక్క చేతి పట్టు, కాళ్ళ కింద ఇనుప రేకుల చప్పుడు, అన్నీ గుర్తున్నాయి. ఎప్పుడు చెప్పినా అక్క ఒకటే మాట. "నీకా రోజు జ్వరమే. మంచం దిగలేదు. కలగన్నావ్." అమ్మ కూడా అదే అంది, నాన్న కూడా. వినగా వినగా దబ్బనానికే అనుమానం పట్టుకుంది. గుర్తున్నది కూడా తనది కాదేమో అని నలభై ఎనిమిదేళ్ళు బతకడం చిన్న సంగతి కాదు.

పది గంటలకు పన్నెండో ఫారం కట్ట బల్ల మీదికి వచ్చింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

అక్క ఉంది, పేజీ నిండా. ఈసారి పేపర్లోలా మోచేతి దగ్గర ఆగిపోలేదు. చేయి సాంతం ఉంది. ఆ చేతి చివర ఒక చిన్న చేయి ఉంది. చిన్న చేయి దగ్గర సన్నని కటింగ్ గీత ఉంది. ఫొటో పేజీ అంచుదాకా రావాలని గీత దాటించి బొటనవేలి వెడల్పున ఎక్కువ అచ్చువేస్తారు. కుట్టుపని అయ్యాక ఆ మిగులును కత్తి తీసేస్తుంది. ఆ మిగులులో, మఫ్లరు చుట్టుకుని, నోరు తెరుచుకుని, ఆరేళ్ళ పిల్ల నిలబడి ఉంది.

దబ్బనం బల్ల అంచు పట్టుకుంది. మొదట వచ్చింది సంతోషం కాదు, కోపం. ఉన్నాను. కలగనలేదు. ఇంత ఖాయంగా ఉన్నదాన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ అక్క లేవంటుందా? రెండోసారి కూడా కోసేస్తున్నారు, పైగా ఈసారి తన చేత్తోనే మడత పెట్టించి మరీ. పుస్తకంలో అక్క వాటా ఒక పేజీ. తన వాటా అక్క చేతిలో ఉన్న నాలుగు వేళ్ళు.

కటింగ్ మిషన్ దగ్గర పనిచేసే ముసలాయనను చేత్తో పిలిచింది. "బాబాయ్, ఈ గీత కొంచెం అవతలికి జరపొచ్చా?"

ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "ఒక్క పేజీకి ఎట్లా జరుపుతానమ్మా? పుస్తకమంతా ఒకే దెబ్బ కదా. ఎవరీ పిల్ల?"

"ఎవరో. ఏడుపుమొహం."

"ఏడుస్తోందో లేదో గానీ, ఈ పెద్దపిల్ల మాత్రం దీన్ని చూసే నవ్వుతోంది."

"చూసి నవ్వడం కాదు, ఎగతాళి. వెళ్ళి నీ పని చూసుకో."

పుస్తకం విడుదలయ్యేదాకా ఒక్క మంచి కాగితం కూడా గేటు దాటకూడదు. వెళ్ళేటప్పుడు సంచులు వెతుకుతారు. పాడైన కాగితాలైతే వేరు. అవి మూలన చెత్తకుప్పలో పడతాయి, కావలసినవాళ్ళు టిఫిన్ డబ్బాకు చుట్టుకుని పోవచ్చు. దబ్బనం మధ్యాహ్నం దాకా ఆలోచించింది. చివరికి ఒక కాగితం లాగి, వంతెన ఉన్న పక్కకు చెక్కపలక తగలకుండా చూసుకుంటూ, రెండో మడతను తలకిందులుగా వేసి గట్టిగా గీటు గీసింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ పేరు ఆ గీటుతో పోయింది.

ఫోర్‌మన్ కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "నువ్వేనా?"

"నేనే. కళ్ళు మసకేశాయి."

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. "దబ్బనం కూడా వంగిందర్రోయ్" అన్నారింకెవరో. ఫోర్‌మన్ మాత్రం నవ్వలేదు. వచ్చే నెల నుంచి కాస్త తేలిక పని చూద్దాంలే అన్నాడు మెల్లగా. అది దెబ్బకన్నా ఎక్కువ తగిలింది. ఆమె తలూపి, గోడ గడియారం చూసుకుంది. అక్క మొహం ఎట్లా మాడిపోతుందో ఊహించుకుంటూ మిగతా కట్ట పూర్తి చేసింది.

అక్క ఇల్లు రెండు వీధుల అవతల, మేడమీద. గుండె పూర్తిగా బలహీనపడిందని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేసి నెల దాటింది. తలుపు తీసిన కోడలు, "పొద్దుటి నుంచీ మీకోసమే అడుగుతున్నారు చిన్నత్తయ్యా" అంది. దబ్బనం అది వినిపించుకోలేదు. నేరుగా వెళ్ళి మంచం మీద కాగితం పరిచింది.

"చూడు. జ్వరమా? కలా? ఇప్పుడు చెప్పు."

అక్క మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచిపోయాయి, మొహం మాత్రం చిక్కి సగమైంది. కోడలు స్టూలు మీది కళ్ళజోడు అందించింది. అక్క దాన్ని పెట్టుకుని, కాగితాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. మొహం మాడిపోలేదు.

"మఫ్లరు కూడా పడిందే" అంది.

"అంటే నీకు తెలుసు."

"తెలీకపోవడమేంటే? అమ్మానాన్నా ఇంట్లో లేనప్పుడు ఎత్తుకుని మెట్లు దిగింది నేనేగా. జ్వరంపిల్లను తీసుకెళ్ళానని తెలిస్తే నాన్న ఇద్దరికీ తోలు వలిచేవాడు. అందుకే నువ్వు రాలేదన్నాను."

"నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదా?"

అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగడంలో దబ్బనానికి కొంచెం భయం వేసింది, అయినా చూపు తిప్పుకోలేదు.

"రాలేదు" అంది అక్క. "నువ్వు పుట్టే ముందు పదకొండేళ్ళు అమ్మ నాది. నువ్వొచ్చాక ఒళ్ళో చోటే లేదు. అన్నం నీ తర్వాత, కథ నీ తర్వాత. ఎంత ఏడ్చుకున్నానో నీకేం తెలుసు? ఆ ఫొటో వచ్చాక అమ్మ అందరికీ నన్ను చూపించింది. అందులో నువ్వు కూడా ఉన్నావంటే, మళ్ళీ నిన్నే చూస్తుందనిపించింది. అదొక్కటి నాకే ఉండనీ అనుకున్నా. అప్పుడు చెప్పలేదు, తర్వాత సిగ్గేసింది."

తను అసూయపడుతూ గడిపిన జీవితం పొడవునా అవతల ఇంకొకరు తనను చూసి అసూయపడ్డారంటే, దాన్ని ఏం చేసుకోవాలో దబ్బనానికి తెలియలేదు. కోపం ఇంకా ఉంది. అక్క చేయి పట్టుకోవాలనీ ఉంది. రెండూ చేయలేక మంచం చివర కూర్చుని దుప్పటి అంచు మడత పెట్టింది.

"పుస్తకంలో నువ్వుంటావా?" అని అడిగింది అక్క.

"నాలుగు వేళ్ళుంటాయి. మిగతాది కత్తికి పోతుంది."

"అయితే ఇది ఇక్కడ పెట్టి వెళ్ళు. రేపు పట్టుకుపోదువు గాని."

ఇవ్వడానికి దబ్బనానికి మనసొప్పలేదు. పేరు పోగొట్టుకుని తెచ్చుకున్న కాగితం. అది కూడా ఈ ఇంట్లోనే ఉండాలా అనుకుంది. అనుకుంటూనే వదిలేసింది. "మడత పెట్టకు, నీకు రాదు" అని మాత్రం చెప్పి మెట్లు దిగింది.

పొద్దున్న పనికి బయల్దేరుతుంటే కోడలు ఫోన్ చేసింది. పాలు వెచ్చబెట్టి తెచ్చేలోపే అయిపోయిందట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నారట, నిద్రపోతున్నారని అనుకుందట.

దబ్బనం వెళ్ళేసరికి అక్కను ముందుగదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళలో ఎవరో గోడ మీది ఫొటో చూపించి ఇంకెవరికో ఏదో చెబుతున్నారు. దబ్బనం అక్క పక్కన కాసేపు నిలబడి, లోపలి గదిలోకి వెళ్ళింది. మూడు దిండ్లూ గుంటపడి అట్లాగే ఉన్నాయి. మంచం మీద కాగితం కొత్త మడత ఏదీ లేకుండా పరిచి ఉంది. దాని అంచున, కటింగ్ గీతకు అవతల, మఫ్లరు చుట్టుకున్న పిల్ల మీద అక్క కళ్ళజోడు కాడలు తెరుచుకుని ఉంది.