నరసాయమ్మ లేచిన కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. జైల్లో పుట్టాను. తప్పేమీ చేయకుండా లోపల ఉన్నది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఇక్కడ ప్రతివాడూ అదే మాట అంటాడని తర్వాత తెలిసింది.

గవరయ్య మాత్రం అనడు. కాలవ నీళ్ళ తగాదాలో పక్క చేను దాలినాయుణ్ణి పారతో కొట్టి చంపాడు. పదేళ్ళ శిక్ష పడింది. జైలు వడ్రంగి షెడ్డులో పని నేర్చుకుని నన్ను చేశాడు. ఒక్క నా చేతులకే మూడు రోజులు గరుకు కాగితం పట్టాడు. నన్ను సూపరింటెండెంటుగారి గదిలో వేశారు.

ఏడేళ్ళు నిండాయి. సత్ప్రవర్తన కింద గవరయ్యని ముందే వదలాలని ఫైలు కదిలింది. చచ్చినవాడి భార్య ఏమంటుందో రాసుకోవాలి కదా, నరసాయమ్మని పిలిపించారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది. నా మీద కూర్చుని "అమ్మయ్య" అంది. గవరయ్య మిగిలిన మూడేళ్ళూ ఆవిడ నోట్లో ఉన్నాయి.

సూపరింటెండెంటు మంచివాడే. మంచివాళ్ళకే నోరు ఆగదు.

"గవరయ్య పూర్తిగా మారాడమ్మా. మీరు కూర్చున్న కుర్చీ అతను చేసిందే. ఎంత నున్నగా చేశాడో చూడండి!"

నిప్పుల మీద కూర్చున్నట్టు లేచింది. ఎంత బతిమాలినా మళ్ళీ కూర్చోలేదు. మోకాళ్ళు వణికాయి. ఆనుకోడానికి చెయ్యి నా వీపు దాకా వచ్చి, తాకకుండానే వెనక్కి పోయింది.

"జడ్జీగారు పదేళ్ళన్నారు. ఏడు పదెలాగయింది బాబూ?"

ఆయన నిబంధనలన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా వింది.

"కుర్సీ బాగానే సేసాడు. ఏడేళ్ళకే ఇంత బాగా సేసినోడు, పదేళ్ళకి ఇంకా బాగా సేస్తాడు గదా. రాసుకోండి."

నిలబడే వేలిముద్ర వేసింది. ఫైలు మూతపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. గవరయ్య బయటికి పోవాలనే నాకుంది. ఆ మోకాళ్ళని చూశాక మాత్రం ఆ మాట ఆవిడతో అనలేను.

మర్నాడు నన్ను షెడ్డుకి తిప్పి పంపేశారు. వార్డరు జరిగిందంతా గవరయ్యకి చెప్పాడు. విడుదల సంగతి గవరయ్య అడగలేదు.

"ముందు కూకుంది గదా బాబూ? ఎంతసేపు కూకుంది?"

"టీ తాగేంత సేపు."

"సాల్లే. మోకాళ్ళకి కాస్త..." అని ఆగిపోయి, చిత్రిక అందుకున్నాడు.

అప్పట్నుంచీ ఈ మూలనే ఉన్నాను. అన్నం గంట కొట్టాక ఎవరైనా నా మీద కూర్చోబోతే గవరయ్య లేపేస్తాడు. తను నా పక్కనే నేల మీద కూర్చుని తింటాడు.