జయరాముడి ఆటో పొగ

ఎద్దులబండ నుంచి నల్లమాడకు పదకొండు కిలోమీటర్లు. కరోనా ఏడాది ఆగిపోయిన బస్సు మళ్లీ ఎద్దులబండ ముఖం చూడలేదు. అప్పటినుంచి ఊరందరికీ జయరాముడి డీజిల్ ఆటో ఒక్కటే దిక్కు. ఏడుగురు పట్టేదాంట్లో పదిహేనుమందిని కుక్కి, ఇంకో ఇద్దర్ని వెనక కమ్మీ పట్టుకొని నిలబడనిచ్చి, రోజుకు రెండుసార్లు పోయి వచ్చేవాడు. మనిషికి యాభై రెండేళ్లు. నోరు దురుసే గానీ, ఎవరింట్లోనైనా కాన్పు నొప్పులొచ్చాయంటే అన్నం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కొని లేచేవాడు.

శ్రావణమాసంలో ఒకనాడు మహిళా సంఘం మీటింగు జరుగుతోంది. రేషను బియ్యం మూటలు దించడానికి వచ్చిన జయరాముడు వాకిట్లో ఆగి బీడీ వెలిగించుకున్నాడు. లోపల సంఘం లీడరు గంగాదేవి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

"హైదరాబాదులో ఒక సంస్థ ఉండాదంట. పల్లెల్లో పొగబండ్లు తగ్గించేదానికి, జనం తిరిగేదానికి ఊరికొక బ్యాటరీ వ్యాను ఇస్తారంట. తిరిగి కట్టే పని లేదు, గ్రాంటు. నేను అప్లికేషను పంపినా. మన దావలో తిరిగేది జయరామన్న ఆటో ఒక్కటే, పదిహేడేండ్ల పాతది, దాని పొగకు పిల్లోల్లు దగ్గుతాండారు అని రాసినా."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "పిల్లోల్లేనా, మా యెనుములు గూడా దగ్గుతాండాయి!" అంది ఒకామె.

జయరాముడు బీడీ పారేసి, మూటలు అక్కడే పడేసి ఇంటికి వచ్చేశాడు. ఆ రోజంతా భార్య నల్లమ్మతో మాట్లాడలేదు. మరునాడు పొద్దున దొడ్లో మేకపిల్లల్ని లెక్క చూస్తున్నవాడల్లా ఉన్నట్టుండి అన్నాడు.

"ఇన్నేండ్లు ఈ ఊరిని మోసినా గదే. రాత్రనక పగలనక మోసినా. ఈ పొద్దు నేను పొగ అయిపోయినా."

"పొగ రాదా మరి?" అంది నల్లమ్మ. "నీ చొక్కాలు ఉతికేదాన్ని, నాకు తెలీదా?"

ఆ మాట ఇంకా లోతుగా దిగింది. రెండు మేకపిల్లల్ని సంతలో అమ్మేసి, నేరుగా కదిరికి పోయి మెకానిక్ దేవేంద్ర షెడ్డులో ఆటో నిలిపాడు. నాలుగు రోజులు అక్కడే పడుకొని, ఇంజను విప్పించి, పిస్టను రింగులు, నాజిళ్లు కొత్తవి వేయించాడు. ఊరివాళ్లు ఆ నాలుగు రోజులూ నడిచారు. ఐదోనాడు ఆటో ఊళ్లోకి వచ్చేసరికి దాని వెనక పొగే లేదు. సంఘం భవనం ముందు కావాలనే ఆపి, ఇంజను ఆపకుండా, హారను కొట్టాడు.

గంగాదేవి బయటికి వచ్చింది. సైలెన్సరు వైపు చూసింది. అతడనుకున్నట్టు సిగ్గుపడలేదు. తల పట్టుకొని మెట్టు మీద కూలబడింది.

"ఎంత పని చేసినావన్నా! సోమవారం ఆఫీసరు వస్తాండాది. పొగ ఎంత ఉంటే మనకు అన్ని మార్కులు. పొగే లేకపోతే వాళ్లు తగ్గించేదేముండాది, మనకు వ్యాను యాల ఇస్తారు?"

జయరాముడు ఇంజను ఆపేశాడు. పౌరుషానికి పోయి ఊరికి రాబోయే బండిని తానే ఆపేశాడన్నమాట.

దేవేంద్రకు ఫోను చేస్తే అతను నవ్వేశాడు. "దానికేముందన్నా, పంపు స్క్రూ రెండు చుట్లు తిప్పు. నల్లగా కక్కుతాది. ఆఫీసరు పోయినంక మళ్లీ బిగించుకో." గంగాదేవికి ఈ మాట చెప్పాడు. ఆమె వద్దనలేదు, సరేననలేదు. "నీ ఇష్టమన్నా" అని తల వంచుకొని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే స్పానరు పట్టుకొని ఇంజను ముందు కూర్చున్నాడు. స్క్రూ ఒక చుట్టు తిప్పాడు. స్టార్టు చేశాడు. భక్కుమని నల్లటి పొగ వాకిట్లోకి కమ్మింది. ఆరేసిన శెనక్కాయల మీదికి, తొట్టిలో నీళ్ల మీదికి, ఉతికి దండెం మీద వేసిన నల్లమ్మ చీర మీదికి పాకింది. నల్లమ్మ ఏమీ అనకుండా చీర తీసి లోపలికి తీసుకుపోయింది. ఆమె తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది. తర్వాత స్క్రూ మళ్లీ బిగించేసి, చేతులు కడుక్కొన్నాడు.

ఆఫీసరు పేరు హేమావతి. ముప్పై దాటి ఉండవు. కారు ఆమెను దించి, వేరే ఊళ్లో ఉన్న ఇంకో ఆఫీసరు కోసం వెళ్లిపోయింది. ఆమె సంచిలోంచి మిషను తీసి, దాని గొట్టాన్ని సైలెన్సరులో పెట్టి, యాక్సిలరేటరు నొక్కమంది. మూడుసార్లు చూసింది.

"ఇది బాగానే ఉంది కదమ్మా. హద్దులోపలే ఉంది" అంది గంగాదేవితో.

గంగాదేవి ముఖం వాడిపోయింది. జయరాముడే ముందుకొచ్చాడు.

"మేడమ్, తప్పు ఆయమ్మది కాదు. ఆయమ్మ రాసింది నిజమే. పోయిన వారం వచ్చింటే నిజంగానే నల్లగా ఉండె. నాకు రోసమొచ్చి బాగు చేయించినా. ఈ పొద్దు మళ్లీ చెడగొట్టబోయినా గానీ చేతులు రాలేదు."

హేమావతి అతనివైపు ఒక నిమిషం చూసింది. నవ్వాపుకుంటోందో ఏమో తెలియలేదు. "నాకు కారు లేదు. మీ ఆటోలో నల్లమాడలో దించుతారా?" అని మాత్రం అడిగింది.

ఆమెను ముందు తన పక్కనే, సగం సీటు మీద కూర్చోబెట్టుకున్నాడు. ఊరు దాటకముందే ఆటో నిండిపోయింది. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకున్న తల్లి ఒకామె, పింఛను వేలిముద్ర కోసం పోయే ముసలి శ్రీరంగప్ప, పట్టుగూళ్ల మూటలతో ఇద్దరు. కంకర మిల్లు దగ్గర టిప్పరు ఒకటి ఎదురై తెల్లటి దుమ్ము ముఖాన కొట్టిపోయింది. అది సర్దుకొనేసరికి రోడ్డు పక్కన నడుస్తున్న ఆడవాళ్లు ముగ్గురు కనిపించారు. చెయ్యెత్తారు. జయరాముడు అటు చూడకుండా గేరు మార్చాడు. ఇంకో కిలోమీటరు పోయాక మరో ఇద్దరు. అప్పుడూ అంతే.

"ఆపరా?" అంది హేమావతి.

"యాడ కూర్చోబెట్టేది మేడమ్? జాగా ఉండాదా?"

"రోజూ ఇట్లాగే నడుస్తారా వీళ్లు?"

ఆ ప్రశ్న జయరాముణ్ని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"ఆ ముందర పోయిన నీలం చీర తిప్పమ్మ" అన్నాడు. "సోమవారం, గురువారం షుగరు మాత్రలకు ఆసుపత్రికి పోతాది. మోకాళ్లు బాగలేవు. ఆమె పక్కనుండేది ఆమె కోడలు, కూలికి పోతాది. ఇంగ ఈ ఇద్దరు మిషను కుట్టు నేర్చుకొనేదానికి పోతారు. దుడ్లుండేటోల్లు పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుంటారు. లేనోల్లు నడుస్తారు. నేను వాళ్ల ముఖం చూడను మేడమ్. చూస్తే ఆపల్ల. ఆపితే వీళ్లలో ఎవరినన్నా దించల్ల. అందుకే గేరు వైపు చూసుకుంటా పోతా."

మళ్లీ గేరు మార్చాడు.

హేమావతి సంచిలోంచి అప్లికేషను కాగితాలు తీసి చివరి పేజీ తిప్పింది. "చూడండి. బండి లేక నడిచేవాళ్లు ఎంతమంది, ఎందుకు పోతారు, ఎంత దూరం అని అడిగాం. మీ గంగాదేవి ఇది ఖాళీగా వదిలేసింది. అందరూ పొగ గురించే రాస్తారు, ఈ పేజీ ఎవరూ నింపరు. పది రోజులు టైమిస్తాను. మీకు తెలిసినవన్నీ చెప్పి రాయించండి. వస్తుందని మాట ఇవ్వలేను."

ఆ పది రోజులూ పగటి ట్రిప్పు కాగానే జయరాముడు సంఘం భవనం మెట్ల మీద కూర్చొని చెబుతూ పోయాడు, గంగాదేవి రాస్తూ పోయింది. నలభై ఒక్క మంది లెక్క తేలారు. ఎవరు ఏ రోజు నడుస్తారు, ఎవరు నడవలేక మందులే మానుకున్నారు, ఏ పిల్ల ఇంటరు మధ్యలో ఎందుకు ఆపేసింది, అన్నీ అతని నోట్లోంచే వచ్చాయి.

"ఇన్ని నీకు యట్ల తెలుసన్నా? ముఖం చూడనంటివే?" అంది గంగాదేవి.

"చూడనంటే తెలీదనా అమ్మా" అన్నాడు జయరాముడు.

దీపావళి దాటాక ఉత్తరం వచ్చింది. వ్యాను ఇస్తున్నారు. పన్నెండు సీట్లు, చార్జింగు పెట్టుకోవడానికి షెడ్డు కూడా. అయితే రెండు షరతులున్నాయి. ఆ దారిలో తిరిగే పాత డీజిల్ బండిని తుక్కుకు అప్పగించాలి, దాని ఖరీదు సంస్థే కట్టిస్తుంది. వ్యానును సంఘంలోని ఆడమనిషే నడపాలి.

గంగాదేవి ఆ ఉత్తరం పట్టుకొని జయరాముడి ఇంటికి వచ్చింది. చదివి వినిపించింది.

"నీ చేత్తోనే నీ కూడు తీసేయించినట్టయింది అన్నా. నువ్వు వద్దంటే వద్దని రాసేస్తా. ఊర్లో ఎవరికీ చెప్పను."

జయరాముడు వాకిట్లో నిలిపిన ఆటో దగ్గరికి పోయి, తుడవనవసరం లేని అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. నోటి కాడ ముద్ద పోతోందన్న బాధ ఒకటి. దానికంటే, ఇకమీదట పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియని భయం పెద్దది. ఆ నలభై ఒక్క పేర్లు చెప్పినవాడు ఇప్పుడు వద్దంటే, రేపు వాళ్ల పక్కనుంచే ఆటో నడుపుకుంటూ పోవాలి గదా.

లోపల్నుంచి నల్లమ్మ గొంతు వినిపించింది. "గంగమ్మా, నేనూ సంఘంలో ఉండేదాన్నే గదా. నేను తోల్తా."

జయరాముడు గిరుక్కున తిరిగాడు. "నువ్వా? సైకిలు తొక్కడం రాదు నీకు!"

"నువ్వు తల్లి కడుపులోనే నేర్చుకొని వచ్చినావా? నేర్పియ్యి. తోలేది నేను, చూసుకునేది నువ్వు. చార్జింగు ఎవరు పెట్టల్ల, టైరు ఎవరు మార్చల్ల? ఇద్దరం కలిసి ఒక బతుకు బతకలేమా?"

గంగాదేవి ముఖం విప్పారింది. వ్యాను బాగోగులు చూసే పనికి సంఘం జీతమిస్తుందని అప్పటికప్పుడు చెప్పింది. జయరాముడు మూడు రోజులు ఔననలేదు, కాదనలేదు. నాలుగోనాడు శెనక్కాయ పీకేసిన బీడు చేనికి ఆటోను తోలుకుపోయి, నల్లమ్మను సీట్లో కూర్చోబెట్టాడు. మొదటి వారం ఆమె క్లచ్చి వదిలినప్పుడల్లా ఆటో కప్పలా ఎగిరింది. అతను అరిచాడు, ఆమె తిరిగి అరిచింది, చుట్టుపక్కల చేలవాళ్లు పని మానేసి చూశారు. రెండో వారానికి అరుపులు తగ్గాయి. సంక్రాంతి పోయినాక కదిరిలో ఆమెకు లైసెన్సు వచ్చింది.

ఆటోను అనంతపురం తుక్కు యార్డులో అప్పగించడానికి జయరాముడు ఒక్కడే పోయాడు. తాళం చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండుకు నడిచాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కన్నీళ్లు ఆగలేదు. పక్కన కూర్చున్నతను "ఏమప్పా, ఎవరన్నా పోయినారా?" అని అడిగితే, "ఆ, మనోడే" అన్నాడు.

మొదటిరోజు నల్లమ్మ వ్యానును చెరువు గట్టు రోడ్డు మీద ఎద్దుబండి వేగంతో తోలింది. జయరాముడు చివరి సీట్లో కూర్చున్నాడు. తిప్పమ్మ ఎక్కింది, కోడలు ఎక్కింది, కుట్టుమిషను పిల్లలు ఎక్కారు. పన్నెండు సీట్లూ నిండాక ఇంకా నలుగురు మిగిలారు. నల్లమ్మ తల బయటికి పెట్టి, "ఈన్నే ఉండండమ్మా, వీళ్లను దించి మళ్లీ వస్తా" అంది. ఎవరూ నమ్మలేదు. ఆమె నిజంగానే తిరిగి వెళ్లి తెచ్చింది.

రెండో ట్రిప్పు దించేశాక నల్లమాడ సెంటరులో వ్యాను ఖాళీ అయింది. జయరాముడు రెండు టీలు పట్టుకొని ముందుకొచ్చాడు. నల్లమ్మ స్టీరింగు వదలకుండా అట్లాగే కూర్చొని ఉంది.

"టీ తీసుకో" అన్నాడు.

ఆమె చెయ్యి చాచింది. గ్లాసు అందుకోలేకపోయింది. వేళ్లు వణుకుతున్నాయి.

జయరాముడు గ్లాసులు రెండూ డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకొని రుద్దాడు.

"నాకూ మొదటి దినం ఇట్లే వణికినాయి" అన్నాడు. "నీకు చెప్పలేదు."