నాది గూడ కొయ్యుండ్రి

నేను ఒక పుస్తకాన్ని. గొప్పగా చెప్పుకోవడానికి నాలో ఏముందని పెద్దలు అడగవచ్చు. అట్ట పలచన, కాగితం నాసిరకం, లోపలి బొమ్మలు పిల్లలు పెన్సిలుతో గీసినవి. నిజమే. కానీ నన్ను రాసినవాళ్ళలో ఒక్కరికీ పదిహేనేళ్ళు నిండలేదు. ఆ సంగతి దాచుకోకుండా అట్ట మీదనే వేయించుకున్నాను: 'మేమే రాసినం'. పేరులోనే కొంచెం పొగరుంది, ఒప్పుకుంటాను. ఆ పొగరే నా మీదికి బ్లేడును తెచ్చింది. నేనీనాటికీ చిరిగిపోకుండా ఉన్నానంటే దానికీ ఆ పొగరే కారణం.

నేను మొలకెత్తింది సిరిమెట్ల ఉన్నత పాఠశాలలో, తొమ్మిదో తరగతి గదిలో. వకుళ అని అక్కడొక తెలుగు టీచరు. శనివారం చివరి పీరియడు ఆటలకు వదిలేయకుండా పిల్లల చేత ఏదో ఒకటి రాయించేది. అమ్మ దేవత, చెట్టు కల్పవృక్షం అని ఎవరైనా రాసుకొస్తే ఆ కాగితం తిరిగి వాళ్ళ చేతిలోనే పెట్టేది. 'మీ అమ్మ నిన్న ఏం చేసిందో రాయి. మీ ఇంటి ముందటి చెట్టుకు ఏమైందో రాయి' అనేది. పిల్లలు మొదట్లో నీలిగారు. తర్వాత ఒకడు తమ మేకపోతును అమ్మిన రోజు గురించి రాశాడు. ఇంకొకడు తండ్రి తాగొచ్చిన రాత్రి తాము నలుగురూ మంచం కింద దాక్కున్న సంగతి రాశాడు. హరిణి అనే అమ్మాయి సైకిలు నేర్చుకుంటూ పొలంలో పడి బురదతో లేచిన ముచ్చటను కవిత కట్టింది. బొంకూరి సంపూర్ణ అనే అమ్మాయి మాత్రం చాలా వారాలు ఏమీ రాయలేదు. ఒక శనివారం రాయడం మొదలుపెట్టి, గంట కొట్టినా లేవలేదు. ఆ కథ పేరు 'గంటె'.

నన్ను అచ్చువేసింది మండల కేంద్రంలో పెళ్ళి కార్డులు వేసే ప్రెస్సు. రెండు పెళ్ళిళ్ళకూ ఒక గృహప్రవేశానికీ నడుమ నాకు చోటు దొరికింది. పిల్లల భాషలో తప్పులున్నాయనీ, గ్రాంథికం కాకపోయినా కనీసం పేపరు భాషలోకి సరిచేస్తాననీ ప్రెస్సాయన ఉదారంగా ముందుకొచ్చాడు. పెళ్ళి కార్డుల మీద తప్పు పడితే రెండు వంశాలు వచ్చి మీద పడతాయి గదా, ఆయన భయం ఆయనది. అవి తప్పులు కావు, వాళ్ళ మాటలు, ముట్టుకోవద్దని వకుళ టీచరు చెప్పింది. కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి, నడుమకు మడిచి, వీపు మీద రెండు పిన్నులు కొట్టారు. అలా కట్టిన పుస్తకంలో ముందు వైపు ఒక ఆకూ వెనక వైపు ఒక ఆకూ ఒకే కాగితం. ఆ సంగతి అప్పుడు నాకు పెద్ద విషయంగా తోచలేదు.

నాలాంటివాళ్ళం కొందరం బడి లైబ్రరీకి పోయాం. నేను హరిణి చేతిలో పడ్డాను. ఆ పిల్ల నన్ను సరాసరి వాళ్ళ తాత దగ్గరికి తీసుకుపోయింది.

దామోదర పటేలు ఆ ఊళ్ళో పెద్దమనిషి. బడికి ఫ్యాన్లు ఇచ్చింది ఆయనే, ప్రతి ఫ్యాను రెక్క మీదా ఆయన పేరుంది. తిరిగేటప్పుడు కనపడదు, కరెంటు పోయినప్పుడు మాత్రం చక్కగా చదువుకోవచ్చు. మనవరాలి కవిత చూసుకుని ఆయన పొంగిపోయాడు. పాలు పోయడానికి వచ్చినవాణ్ణీ, సంతకం కోసం వచ్చిన వార్డు మెంబరునూ కూచోబెట్టి దాన్ని చదివి వినిపించాడు. నేను అంత సుఖపడ్డ రోజులు మళ్ళీ లేవు. శుభ్రంగా తుడిచిన చేతులు, కళ్ళద్దాలు, మెత్తగా పేజీ తిప్పే వేళ్ళు. నిందించేవాళ్ళు చాలామంది పుస్తకాన్ని చదవకుండానే నిందిస్తారంటారు. పటేలు అలాంటివాడు కాడు. మొదటినుంచీ ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. మేకపోతు దగ్గర నవ్వాడు. మంచం కింద పిల్లల దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ తర్వాత 'గంటె' దగ్గరికి వచ్చాడు.

ఆ కథలో ఒక బడి. మధ్యాహ్న భోజనం వండడానికి ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె పొయ్యి అంటించి, బియ్యం కడిగి, గిన్నెలు తోమి, వడ్డన వేళకు వంట షెడ్డు వెనకకు పోయి నిలబడుతుంది. రెండో ఆమె వడ్డిస్తుంది. మొదటామె కూతురు అదే బడిలో చదువుతుంది. రాత్రి ఇంట్లో తల్లి అన్నం పెడుతుంటే ఆ పిల్ల అడుగుతుంది: 'అమ్మా, ఇంట్ల నీ చేత్తోనే పెడతవు, బడిల ఎందుకు పెట్టవు?' తల్లి జవాబు ఒక్క వాక్యం: 'ఫ్యాన్లు ఇచ్చిన పెద్దమనిషి గంటె ముట్టొద్దన్నడు బిడ్డా.'

పటేలు బొటనవేలు ఆ వాక్యం మీద చాలాసేపు ఉంది. మళ్ళీ వెనక్కి తిప్పి కథ మొదటినుంచీ చదివాడు. ఆయన పేరు ఎక్కడా లేదు. పేరు లేకుండా పట్టుబడటం మరీ కష్టంగా ఉంటుంది కాబోలు. ఆయన నన్ను పొయ్యిలో పెట్టలేదు, చింపలేదు. తెల్లవారి కండువాలో చుట్టుకుని బడికి తీసుకుపోయి, హెడ్మాస్టరు సుదర్శనం బల్ల మీద పెట్టాడు.

ఆయన కోరిక చిన్నదే. పుస్తకం బాగుంది, పిల్లలు చదువుకోవాల్సిందే. ఆ కథ ఉన్న ఆకులు మాత్రం తీసేయాలి, ప్రతి పుస్తకంలోంచీ. సుదర్శనం సారు చెడ్డవాడు కాడు. కొత్త గదులు కట్టించాలని ఆయన తపన. పటేలు స్థలం ఇస్తేనే గదులు లేస్తాయి. దానికి తోడు, ఆ కథ నిజమని ఎవరైనా పైకి చెబితే కేసవుతుందని, బడిలో అలాంటిది జరగనిచ్చిన తాను కూడా అందులో ఉంటానని ఆయనకు తెలుసు. కాబట్టి బ్లేడు మంచి ఉపాయంగా కనిపించింది. లైబ్రరీ ఆమె బాధ్యతే గనుక ఆ పని వకుళ టీచరుకు అప్పగించాడు. నా చేత్తో ఆ పని జరగదు సార్ అని ఆమె అక్కడే చెప్పేసింది. మెమో ఇస్తానన్నాడు. ఇవ్వమంది. ఇచ్చాడు.

సంగతి ఊళ్ళోకి పాకింది. సంపూర్ణ తల్లి ఎల్లవ్వకు, అంటే ఆ షెడ్డు వెనక నిలబడే మనిషికి, అందరికంటే ముందు చేరింది. ఆ రాత్రి తల్లి తనను ఎంత తిట్టిందో సంపూర్ణ తర్వాత ఆఫీసు వరండాలో హరిణికి చెబుతుంటే విన్నాను. 'నీ కథతోని నా పొయ్యి ఆర్పుతవా' అని ఏడ్చిందట. తిట్టిన నోటితోనే, పడుకోబోయే ముందు, ఆ కథ చదివి వినిపించమని అడిగిందట.

శనివారం నాడు తల్లిదండ్రులను పిలిచి మీటింగు పెట్టారు. బల్ల మీద నేను, నా పక్కన లైబ్రరీ నుంచి తెచ్చిన నా తోబుట్టువులు, వాటి పక్కన కాగితం కూడా విప్పని కొత్త బ్లేడు. రాసిన పిల్లలందరినీ ఒక వరుసలో కూచోబెట్టారు. ఎల్లవ్వ గడప దగ్గర నిలబడింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న వాసన లోపలికి వస్తూనే ఉంది.

సుదర్శనం సారు గొంతులో కోపం లేదు. ఆయన నిజంగానే అందరినీ గట్టెక్కించాలనుకుంటున్నాడు.

"సంపూర్ణా, భయపడకు. ఇది ఉత్తగ కల్పించి రాసిన కథ, మన బడిది కాదు అని ఇక్కడ ఒక్క మాట చెప్పు. అంతె. నీకేం గాదు, మీ అమ్మ పనికేం గాదు."

సంపూర్ణ లేచి నిలబడింది. తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూస్తోంది.

"పేర్లు మార్చిన సార్. జరిగింది మార్చలె."

గదిలో గుసగుసలు లేచి అణిగాయి. పటేలు నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. తాను పుస్తకానికి శత్రువు కాననీ, చిన్నపిల్ల తెలియక రాసిందనీ, నాలుగు ఆకులు పోతే మిగతా పుస్తకానికి వచ్చే నష్టం లేదనీ అన్నాడు. సుదర్శనం సారు బ్లేడు విప్పాడు. నన్నే ముందు తెరిచాడు.

కోయడం ఎలా ఉంటుందో పుస్తకాలు చెప్పవు, చెప్పే అవకాశం రాదు గనుక. నాకు వచ్చింది. బ్లేడు చల్లగా ఉంటుంది. నడుమ మడత వెంబడి దిగేటప్పుడు నొప్పి కంటే ముందు అవమానం తెలుస్తుంది. 'గంటె' మొదటి ఆకు ఆయన చేతిలోకి వచ్చింది. అదే క్షణంలో నా వెనక భాగంలోంచి ఇంకో ఆకు, తనను పట్టి ఉంచిన సగం తెగిపోవడంతో, జారి బల్ల మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద పడింది. సైకిలు కవిత ఉన్న ఆకు అది.

హరిణి లేచి వచ్చి దాన్ని తీసుకుంది. తాత కూర్చోమన్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. ఆకును హెడ్మాస్టరు ముందు పెట్టింది.

"నాది గూడ కొయ్యుండ్రి సార్. అన్నిట్లకెల్లి."

"హరిణీ, నీ కవితకేమైంది? అది అతికిస్తరు," అన్నాడు పటేలు.

"వద్దు తాతా. సంపూర్ణ కథ లేని పుస్తకంల నాది ఉండొద్దు. నువ్వు చదివి అందరికి వినిపించినవు గదా. నాది ఒక్కటే ఎందుకు వినిపించినవు?"

మేకపోతు కథ రాసినవాడు లేచాడు, నాది గూడ సార్ అన్నాడు. మంచం కింద దాక్కున్న పిల్లవాడు లేచాడు. వాడి తండ్రి అక్కడే ఉన్నాడు. ఇన్నాళ్ళూ తలెత్తనివాడు ఆ రోజు కొడుకును చూసి, లేచిన చోట నిలబడమన్నట్టు తలూపాడు. తర్వాత ఎవరు ఏ వరుసలో లేచారో నేను చూడలేదు. ఆ పిల్లలు చెప్పిన ప్రకారం కోస్తే నాలో మిగిలేది అట్టా రెండు పిన్నులూ. సుదర్శనం సారు ఆ లెక్క వేసుకున్నట్టే ఉన్నాడు. బ్లేడు పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

అప్పుడు ఎల్లవ్వ గడప దాటి లోపలికి వచ్చింది.

"కొయ్యకుండ్రి సారూ. నా బిడ్డ అబద్ధం రాయలె." అంతే అని, పప్పు మాడుతుందని బయటికి వెళ్ళిపోయింది.

మీటింగు అక్కడితో ముగిసింది. నన్నూ నా తోబుట్టువులనూ పై నుంచి ఆర్డరు వచ్చేదాకా అని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ 'పైన' ఎవరో, వాళ్ళను ఎవరు అడిగారో నాకు తెలియదు. తాళం వేసినవాళ్ళకు తెలియని సంగతి ఇంకొకటుంది. నన్ను రాసినవాళ్ళు బయటే ఉన్నారు. మధ్యాహ్నం పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు ఎవరిది వాళ్ళు గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. బీరువాలో ఉన్న నాకు రోజూ వినపడేది. కొన్నాళ్ళకు 'గంటె' చెబుతున్న గొంతు సంపూర్ణది కాదు. ఆరో తరగతి పిల్లల గొంతులు. నాలో లేని మాటలు కూడా కొన్ని కలిపారు. రచయిత్రి అభ్యంతరం చెప్పినట్టు లేదు.

ఒక రోజు ఎల్లవ్వను రావద్దన్నారు. ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పళ్ళేలు బోర్లించి కూచుంది. వండినామె వడ్డిస్తేనే తింటామని చెప్పారు. పదో తరగతి చూసి వాళ్ళూ బోర్లించారు. సుదర్శనం సారు వరండాలో అటూ ఇటూ నడిచిన చెప్పుల చప్పుడు నాకు వినపడింది. తెల్లవారి ఎల్లవ్వ వచ్చింది. గంటె ఆమె చేతికే వచ్చింది. అందరూ మారిపోయారని చెప్పను. కొందరు పిల్లలు ఇప్పటికీ ఇంటినుంచి డబ్బా తెచ్చుకుంటారు. పటేలు గదులకు స్థలం ఇవ్వలేదు, బడికి రావడం మానేశాడు. హరిణితో కొన్నాళ్ళు మాట్లాడలేదని విన్నాను. ఆ పిల్ల మాత్రం రోజూ ఎల్లవ్వ వరుసలోనే నిలబడింది.

ఒక సాయంత్రం సుదర్శనం సారు ఒక్కడే బీరువా తెరిచాడు. కోసిన ఆకును చేతిలో పట్టుకుని కథ చదివాడు. అంతకుముందు ఆయన చదవలేదని అప్పుడు అర్థమైంది. చదివి, డ్రాయరులోంచి టేపు తీసి, వంకరటింకరగా రెండు ఆకులనూ అతికించి, మమ్మల్నందరినీ లైబ్రరీలో పెట్టేసి ఇంటికి పోయాడు. కొందరు క్షమాపణ అలా చెబుతారు.

వకుళ టీచరును మాత్రం జిల్లా అవతలి అంచున ఉన్న బడికి బదిలీ చేశారు. పిల్లలను రెచ్చగొట్టిందని చెప్పుకున్నారు. వెళ్ళేటప్పుడు పిల్లలు ఏమిస్తామన్నా వద్దని, నన్ను అడిగి తీసుకుపోయింది. కొత్త బడిలో నేను ఏ అరలోనూ ఎక్కువ రోజులు ఉండను. చేతుల్లోనే ఉంటాను. నా అంచులు నలిగాయి, అట్ట మాసింది. నన్ను చూసి ఇలాంటివి పిల్లలకెందుకన్నవాళ్ళు ఇక్కడా ఉన్నారు. అననీ. అన్నవాళ్ళు కూడా ఒకసారి చదివే అన్నారు.

మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతి, అంజలీబాయి అని తండా నుంచి వస్తుంది, నన్ను చదివి టీచరు బల్ల మీద కొంచెం విసురుగానే పెట్టింది.

"ఇది గూడ ఒక కథనేనా టీచర్? మా తండల బోరింగు కాడ జరిగేది రాస్తె ఇంతకు డబలుంటది."

"అయితె రాయి," అంది వకుళ టీచరు.

"రాస్తె ఎవలన్న ఏమన్న అంటరా?"

వకుళ టీచరు ఆ పిల్లకు అబద్ధం చెప్పలేదు.

"అంటరు," అంది.

అంజలీబాయి బెంచీని ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసింది.