మూడో కేక

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు ఎండాకాలంలో ఏలూరులోని ఆ సందుకి దొంగల భయం పట్టుకుంది. రెండు పెరళ్ళలో ఇత్తడి బిందెలు పోయాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఏడుకొండలు అప్పుడు లేచి ఇల్లిల్లూ తిరిగాడు. ఏడిళ్ళవాళ్ళ చేతా సందువైపు కిటికీలు పీకించి ఇటుకలు పెట్టించాడు. రైసుమిల్లు గుమాస్తాగారి మాట, కాదనేదెవరు?

భార్య వెంకటనరసమ్మ ఒక్కతే కాదంది. "ఎదురంతా గిడ్డంగి గోడ. ఇటు మన కళ్ళు కూడా మూసేస్తే దొంగకి అత్తారిల్లే కదండీ!" అంది. ఆయన వినలేదు. వాళ్ళ వంటింటి కిటికీ నిన్ననే మూశారు, సున్నం ఇంకా ఆరలేదు.

ఆ మిట్టమధ్యాహ్నం ఆవిడ అన్నం వడ్డిస్తుండగా కొల్లేటి చేపలమ్మే పెద్దింటమ్మ సందులోకి వచ్చింది. కొన్నా కొనకపోయినా ఇంటికో కేక వెయ్యందే ఆమె ముందుకి కదలదు.

"చేపలమ్మా!" మొదటి ఇల్లు. "చేపలమ్మా!" రెండో ఇల్లు. మూడోది వీళ్ళదే.

మూడో కేక రాలేదు.

"ఏవండీ, పెద్దింటమ్మ ఆగిపోయింది."

"ఎవరో బేరమాడుతున్నారేమో. పులుసు వెయ్యి."

"ఎక్కణ్ణించి ఆడతారండీ, కిటికీలేవి?"

గోడకి చెవి ఆనించింది. కాళ్ళు ఈడ్చుకుంటున్న చప్పుడు, నోరు నొక్కిన మూలుగు. చేపల గంప దించాలంటే ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. రెండు చేతులూ గంపకే సరిపోయిన మనిషి మెళ్ళో పుస్తెలతాడు ఎవడికైనా అలుసే. ఇళ్ళ గుమ్మాలన్నీ అటు వీధివైపే, చుట్టూ తిరిగి సందులోకి వెళ్ళేసరికి ప్రాణమే పోవచ్చు.

రోకలి అందుకుంది. "పిచ్చెక్కిందా నీకు?" అంటూ ఏడుకొండలు ఎంగిలిచేత్తో లేచాడు. రెండు పోట్లకి ఇటుకలు సందులోకి దభేలుమన్నాయి. పెద్దింటమ్మని గోడకి అదిమి తాడు లాగుతున్నవాడు ఉలిక్కిపడి తల తిప్పాడు.

"చూశాన్రా నీ మొహం!" అని అరిచింది. వాడు తాడు వదిలేసి పరుగెత్తాడు.

పెద్దింటమ్మ మెడ కోసుకుపోయి నెత్తురు కారుతోంది. గంప ఇంకా నెత్తిమీదే ఉంది. "దించండమ్మగారూ," అని మాత్రం అనగలిగింది.

గోడ పాడైందని మొగుడు అరుస్తాడని వెంకటనరసమ్మ రోకలి గట్టిగా పట్టుకుంది. ఆయన అరవలేదు. చుట్టూ తిరిగి సందులోకి పరుగెత్తి, ఆ గంప తనే పట్టుకుని దించాడు. ఆమె మెడ చూసి తల వంచుకున్నాడు.

తరవాత పక్కింటి గోడ దగ్గరికెళ్ళి గుద్దాడు.

"సుబ్బాయమ్మగారూ! మూయించింది నేనేనండీ, తప్పయిపోయింది. రోకలి పట్టుకుని ఓసారి వంటింట్లోకి రండి!"

అక్కణ్ణించి తరవాతి గోడకి నడిచాడు. ఆవేళ ఆ సందులో ఇంటికో కేక ఆయనే వేశాడు.