గోడకు చదివిన ప్రశ్నలు

ఆఖరి మూల కూడా అంటించేశాక వెర్లీన్ హాబ్స్ స్టూలు దిగి, రెండడుగులు వెనక్కి వేసి గోడను పైనుంచి కిందికి చూసుకుంది. సంగీత స్వరాల పటం కనబడటం లేదు, దేశపటం కనబడటం లేదు, ‘ఈ వారం కొత్త మాటలు’ అన్న చార్టూ కనబడటం లేదు. అన్నింటి మీదా మందపాటి గోధుమరంగు కాగితం పరుచుకుంది. పరీక్ష రోజున గదిలో ఒక్క అక్షరం బయటపడకూడదు. పిల్లలు గోడ చూసి రాసేస్తారని రాష్ట్రం వారి బెంగ. గోడ మీది మాటలు చదవగలిగే పిల్లలైతే ఇంత తతంగం దేనికి తల్లీ, అని వెర్లీన్ ఏటా అనుకుంటుంది. ఏటా కాగితం అంటిస్తూనే ఉంటుంది.

స్టూలు ఎక్కిదిగేసరికి మోకాళ్లు పట్టేశాయి. పొడుగాటి, ఎముకలు తేలిన మనిషి. నల్లటి నున్నని ముఖం మీద వయసు అంతగా తెలియదు గాని మెడ దగ్గర దాగదు. నెరిసిన జుట్టు గట్టిగా వెనక్కి లాగి ముడి పెట్టింది. మోచేతుల దగ్గర పల్చబడిన బూడిదరంగు స్వెట్టరు, నడిస్తే చప్పుడు కాని మెత్తటి బూట్లు. ఒంటి మీద సెంటు చుక్క లేదు, చెవులకు పోగుల్లేవు. పరీక్ష గదిలో పెద్దవాళ్లది ఏదీ పిల్లల చూపును లాగకూడదు. అలా ఉండీ ఉండీ ఆవిడ పరీక్షల్లేని రోజుల్లో కూడా అలాగే మిగిలిపోయింది.

బెల్ క్రీక్ బడిలో వెర్లీన్ టీచరు కాదు, టీచర్లకు సాయం చేసే మనిషి. ఏడాది పొడుగునా ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం, భోజనాల గదిలో పాల డబ్బాలు విప్పి ఇవ్వడం ఆవిడ పని. వసంతం వచ్చి డెల్టాలో పెకాన్ చెట్లు చిగురేసే వేళకు మాత్రం ఇంకో పని వచ్చి పడుతుంది. చదువులో బాగా తడబడే పిల్లల్ని ఒక్కొక్కరినే విడిగా కూర్చోబెట్టి పరీక్ష రాయిస్తారు. కథ పిల్లలే చదువుకోవాలి. దాని మీద అడిగే ప్రశ్నను, నాలుగు జవాబులను మాత్రం పెద్దవాళ్లు చదివి వినిపించవచ్చు. ఏ జవాబు దగ్గరా గొంతు హెచ్చకూడదు, తగ్గకూడదు. నవ్వకూడదు, నొసలు చిట్లించకూడదు. పిల్లలు ఏమడిగినా చెప్పడానికి ఒకే ఒక్క మాట ఉంది: “నీకు చేతనైనంత బాగా చెయ్యి.”

ఇందుకు వెర్లీన్ పెట్టింది పేరు. అచ్చం గోడలా చదువుతుందని ఒకసారి ప్రిన్సిపాల్ అందరిముందూ మెచ్చుకుంటే, ఆ సాయంత్రం ఇంటికెళ్లి మొగుడికి చెప్పుకుని మురిసిపోయింది. లూషియస్ పేకముక్కలు కలుపుతున్నవాడల్లా ఆపి పగలబడి నవ్వాడు.

“నువ్వా? గోడవా? మరి రోజూ నా చేతిలో ఎందుకు చిత్తవుతున్నావే? మంచి ముక్క పడిందంటే చాలు, నీ గడ్డం ఇంత పైకి లేస్తుంది. నేను నా ముక్కలు చూసుకోను, నీ గడ్డం చూసుకుంటాను.”

అదంతా వేళాకోళమని వెర్లీన్ నమ్మకం. ఆయన ఏ మాటా తిన్నగా అన్న మనిషి కాదు మరి. తర్వాత కొన్నేళ్లకు ఆస్పత్రి వరండాలో డాక్టరు చెప్పింది విని, లోపలికొచ్చి, “భయం లేదంట, తగ్గిపోతుందంట” అని పరీక్ష గొంతుతోనే చెప్పింది. లూషియస్ ఆవిడ కళ్లలోకి చూడలేదు. గడ్డం వంక చూశాడు. అది కదల్లేదు. “సరేలే” అని పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆయన పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. బడి లేని రోజున వెర్లీన్‌కు తన గొంతు తనకే వినబడదు.

ఈసారి ఆవిడకు అప్పగించిన పిల్ల జాకియా. తొమ్మిదేళ్లది, బక్కపల్చటిది, ముందు పళ్ల మధ్య సందు. తల్లి క్యాట్‌ఫిష్ కోసి శుభ్రం చేసే ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తుంది. ఈ రాష్ట్రంలో మూడో తరగతి పిల్లలు చదవడం వచ్చో రాదో చూసే పరీక్షలో నెగ్గితేనే నాలుగుకు వెళ్తారు. నాలుగో తరగతికి వెళ్తే ఎవరికి నచ్చిన వాయిద్యం వాళ్లు ఎంచుకోవచ్చు. జాకియాకు ట్రంపెట్ కావాలి. దాని ధ్యాస అంతా అదే. వాయిద్యాలు దాచే ఈ చిన్న గదిలోనే దానికి రోజూ వెర్లీన్ ప్రశ్నలు చదివి జవాబులు రాయించే పాఠం, దీన్లోనే ఇవాళ పరీక్ష. నల్లటి ట్రంపెట్ పెట్టె పై అరలోనే ఉంది. పాపం, దాని మీద అక్షరాల్లేవు కాబట్టి ఎవరూ కాగితం కప్పలేదు.

క్రిస్మస్ ముందు ఆ పిల్ల రాసిన ప్రతి జవాబూ తప్పే. ఈస్టర్ వచ్చేసరికి తప్పన్నది లేదు. టీచర్లు ముక్కున వేలేసుకున్నారు. వెర్లీన్‌కు మాత్రం లోలోపల ఎంత గర్వమో! ఎవరికీ చెప్పుకోలేదు గాని, తన చేతి చలవ అనే అనుకుంది. పొద్దున్నే “మిస్ వెర్లీన్!” అని ఆ పిల్ల పరిగెత్తుకొస్తుంటే, రోజంతటిలో తనను పేరు పెట్టి పిలిచే ఆ పిలుపు కోసం ఆవిడ ముందుగానే వచ్చి కూర్చునేది.

పిల్ల వచ్చింది. అన్నం తిన్నావా అనడానికి బదులు ఈ ఊళ్లో మొక్కజొన్న జావ పేరు చెప్పి పలకరించే తీరున, “గ్రిట్స్ తిన్నావా?” అంది వెర్లీన్.

“తిన్నాను. రెండుసార్లు పెట్టించుకున్నాను. మిస్, నెగ్గితే ట్రంపెట్ ఇవాళే ఇస్తారా?”

“ఇవాళ ఎలా ఇస్తారే! బళ్లు మళ్లీ తెరిచాక.”

“అప్పటిదాకా ఇంకెవరూ ముట్టుకోకుండా చూడండి మరి.”

పెప్పర్‌మింట్ బిళ్ల ఒకటి దాని చేతిలో పెట్టి, వెర్లీన్ తలుపు వేసింది. ఇవాళ గంటలు కొట్టరు. నడవలో అడుగుల చప్పుడు కూడా లేదు. బడి మొత్తం ఊపిరి బిగబట్టినట్టుంది. రాసిచ్చిన సూచనలు చదివి, “ఇప్పుడు కథ చదువుకో” అంది. జాకియా కథ మీదికి వంగింది. కాసేపటికే తలెత్తి, “అయిపోయింది మిస్” అంది. ఎంత త్వరగా చదువుతోందో అని వెర్లీన్ మనసులో సంతోషపడింది.

పొగమంచులో దారి తప్పిన పడవవాడి కథ అది. మొదటి ప్రశ్న చదివింది. నాలుగు జవాబులూ చదివింది. పిల్ల టక్కున గుండ్రం నింపింది. రెండోదీ అంతే. మూడు, నాలుగు. అన్నీ సరైనవే. వెర్లీన్ కథ చదవకూడదు, కానీ కంటి ఎదుట ఉన్న కథను చదవకుండా ఎవరుంటారు?

అయిదో ప్రశ్నకు పేజీ తిప్పబోతూ వెర్లీన్ పిల్ల బల్ల వంక చూసింది. జవాబుల కాగితం సరిగ్గా కథ మీద పరిచి ఉంది. మొదటి ప్రశ్న నుంచీ అక్కడే ఉంది. జాకియా దాన్ని పక్కకు జరపనే లేదు. కథ వంక చూడనే లేదు. మరి ఎటు చూస్తోంది?

వెర్లీన్ తలెత్తింది. జాకియా తన ముఖం కేసే చూస్తోంది, పిట్ట కోసం కాపు కాసిన పిల్లిలా, కళ్లార్పకుండా. కళ్లలోకి కాదు, ఇంకా కిందికి.

చప్పున లూషియస్ నవ్వు చెవిలో వినబడినట్టయింది. వెర్లీన్ ఎడమచేతిని గడ్డం కింద ఆనించి, అరచేత్తో కప్పుకుని, అయిదో ప్రశ్న చదివింది. నాలుగు జవాబులూ ఒకే తీరున చదివింది. పెన్సిలు కదల్లేదు.

“మిస్, చెయ్యి తీయండి.”

పరీక్షలో పెద్దవాళ్లు ఇంకో మాట మాట్లాడకూడదు. అయినా నోరు జారింది. “ఎందుకు?”

“కనబడట్లేదు.”

“ఏం కనబడట్లేదే?”

“జవాబు,” అంది జాకియా, అందులో వింతేమీ లేనట్టు. “సరైనది వచ్చినప్పుడు మీ గడ్డం లేస్తుంది కదా. మీరు నాకు చెప్తున్నారు కదా!”

వెర్లీన్ చేతిని గడ్డానికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఇన్నేళ్లుగా ఇంతమంది పిల్లల ముందు తను గోడలా కూర్చున్నానని అనుకుంది! ముందు భయం వేసింది, తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గు అడుగునే, చెప్పుకోవడానికి వీల్లేని సంతోషం ఒకటి కదిలింది. లూషియస్ పోయాక తన ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు ఎవరు? ఈ పిల్లకు ఒక్క వాక్యం చదవడం రాదు. కానీ తనను ఆసాంతం చదివేసింది.

చెయ్యి తీసేస్తే చాలు. గదిలో ఇంకెవరూ లేరు. పిల్ల నెగ్గుతుంది, పై అరలోని పెట్టె దాని చేతికొస్తుంది. ఆ తర్వాత? నెగ్గినవాళ్లకు చదవడం నేర్పే దిక్కు ఈ బడిలో లేదు. తప్పినవాళ్లకే వేసవంతా బాసెట్ టీచర్ దగ్గర కూర్చునే అవకాశం. జాకియా ట్రంపెట్ పట్టుకుని నాలుగుకు వెళ్తుంది, అయిదుకు వెళ్తుంది, వెళ్లిన చోటల్లా ఎవరో ఒకరి గడ్డం వెతుక్కుంటుంది.

వెర్లీన్ లేచి, తన కుర్చీని వెనక్కి తిప్పింది. కుర్చీ కాళ్లు కిర్రుమన్నాయి. పిల్లకు వీపు పెట్టి, గోధుమరంగు కాగితానికి ఎదురుగా కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అయిదో ప్రశ్న మళ్లీ చదివింది.

“మిస్ వెర్లీన్? ఎందుకటు తిరిగారు?”

వెర్లీన్ మొదటి జవాబు చదవడం మొదలుపెట్టింది.

“ఇటు తిరగండి మిస్. ప్లీజ్ మిస్. నాకు చదవడం రాదు.”

ఆ మాట ఆ పిల్ల నోటివెంట రావడం అదే మొదటిసారి. వెర్లీన్ కాగితం మీద తనే అంటించిన టేపు వంక చూస్తూ, “నీకు చేతనైనంత బాగా చెయ్యి” అంది. ఇన్నేళ్లలో ఆ మాట దగ్గర ఆవిడ గొంతు వణకడం కూడా అదే మొదటిసారి.

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత కాగితం పక్కకు జరిగిన చప్పుడు. ఆపైన సన్నగా గుసగుస మొదలైంది. జాకియా కథ చదువుతోంది. ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని, వదిలేసి, మళ్లీ పట్టుకుని. ఒకే మాట దగ్గర మూడుసార్లు తన్నుకుని, తప్పుగానే పలికి ముందుకు పోయింది. అది కాదే తల్లీ, అనబోయి వెర్లీన్ పెదవి కొరుక్కుంది. ప్రశ్న తర్వాత ప్రశ్న గోడకే చదివింది. పరీక్ష అయ్యాక జాకియా కాగితాలు ఇచ్చి వెళ్లిపోయింది. పెప్పర్‌మింట్ బిళ్ల బల్ల మీదే ఉంది.

పరీక్షల బాధ్యత చూసే డెనీస్ ప్రూయిట్ ఆఫీసులో అట్టపెట్టెల మధ్య నిలబడి ఉంది. వాటినిండా హెడ్‌ఫోన్లు. వచ్చే ఏటి నుంచి ప్రశ్నలు కంప్యూటరే చదువుతుంది. ముఖం లేదు, గడ్డం లేదు, బాగానే ఉంటుంది.

వెర్లీన్ జరిగింది జరిగినట్టు చెప్పింది. డెనీస్ పెట్టె మీద కూలబడింది.

“మిస్ వెర్లీన్, మీకేమైనా మతిపోయిందా? ఎవరైనా చూశారా? నేను వినలేదనుకుంటాను. ఇంటికెళ్లి పడుకోండి.”

“మొదటి నాలుగు ప్రశ్నల జవాబులూ నేను చెప్పినవే. రాసుకో.”

“రాస్తే ఆ పిల్ల పరీక్ష రద్దవుతుంది! తప్పినట్టే లెక్క.”

“తప్పితేగాని దానికి ఎవరూ చదువు చెప్పరు కదా. వేసవి క్లాసులో మొదటి పేరు దానిదే వెయ్యి. బాసెట్ దగ్గర, విడిగా. మళ్లీ రాసినప్పుడు నెగ్గితే నెగ్గుతుంది.”

“మీ సంగతో? ఇలాంటిది బయటపడితే మిమ్మల్ని ఇవాళే పంపించేయాలి. నెల ఆగితే రిటైరయ్యేవారు. వీడ్కోలు కేకు కూడా చెప్పాం.”

“కేకు మాన్పించకు, పిల్లలకు పెట్టు. దాని మీద నా పేరు మాత్రం రాయించకు,” అంది వెర్లీన్. తలుపు దాకా వెళ్లి ఆగింది. “ఒకటో తరగతిలో నీ బూట్ల లేసులు నేనే కట్టేదాన్ని, డెనీస్. ఈ ఒక్క పనీ చేసిపెట్టు.”

డెనీస్ కళ్లు తుడుచుకుంటూ తలూపింది.

బస్సుల దగ్గర పిల్లలు వరసలో నిలబడ్డారు. వెర్లీన్ చేతిసంచీ పట్టుకుని ఆ పక్కగానే పోవాలి. జాకియా వరస వదిలి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది.

“మీరు నా వైపు అనుకున్నాను.”

“నీ వైపేనే.”

“మరి నేను నెగ్గుతానా?”

ఇది పరీక్ష గది కాదు. ఏ మాటైనా చెప్పవచ్చు. వెర్లీన్ వంగి, దాని కోటు కాలరు సరిచేసి, “నెగ్గుతావులే” అంది.

జాకియా ఆవిడ కళ్లలోకి చూడలేదు. గడ్డం వంక చూసింది. చాలాసేపు చూసింది. అది కదల్లేదు.

“సరేలే,” అంది. వెళ్లి బస్సెక్కింది.

కిటికీలోంచి చెయ్యి ఊపుతుందేమోనని వెర్లీన్ నిలబడింది. బస్సు పత్తిచేల రోడ్డు మలుపు తిరిగి, లేచిన దుమ్ము సద్దుమణిగాక, నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. ఆ రాత్రి రేడియో పెట్టలేదు. మర్నాటి నుంచి ఆవిడ బడికి రాలేదు.

పరీక్షలు ముగిశాక ఊడ్చేవాడు క్లీటస్ గదులన్నింట్లో కాగితాలు చింపుకుంటూ వచ్చాడు. వాయిద్యాల గదిలో ‘ఈ వారం కొత్త మాటలు’ చార్టు మళ్లీ వెలుతురులోకి వచ్చింది. బల్ల తుడిచాడు, బిళ్లను చెత్తబుట్టలో వేశాడు, లైటు ఆర్పాడు. బల్లకు వీపు పెట్టి గోడకేసి ఉన్న కుర్చీ ఎవరిదో, అలా ఎందుకుందో అతనికి తెలియలేదు. దాన్ని అలాగే వదిలేసి తలుపు వేశాడు.