హమ్మయ్య పార్టీ

జగ్గయ్యపేట పత్తి మిల్లులో భావనారాయణ నోరు కూడా ఒక మిషనే. అసలు మిషను పత్తినీ గింజనీ వేరు చేస్తే, ఈయన కనపడ్డ ప్రతి మాటనూ పట్టుకుని విరిచేవాడు. "సంపత్తిలోనూ మన పత్తే, ఆపత్తిలోనూ మన పత్తేనండోయ్!" అని కాటా దగ్గర రైతులకు చెప్పి, వాళ్లకంటే ముందు తనే నవ్వేవాడు. సెలవడగడానికి వెళ్తున్న కుర్ర గుమస్తా కిషోర్‌బాబుకి అడ్డం తగిలి, "లీవులా? లేవు లేవు!" అనేవాడు. ఆఫీసులో దానికి నారాయణాస్త్రమని పేరు పెట్టుకున్నారు. తలవంచుకోవడం తప్ప విరుగుడు లేదని.

నందిగామలో ఆయనది ఒంటిగది కాపురం. భార్య పోయి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఆయనకు బదులు పలికేది కుక్కరొక్కటే, అదీ మూడు కూతల్లో ముగించేది. అందుకే మిగిలిపోయిన మాటలన్నీ పొద్దున్నే మూటగట్టుకుని పేట బస్సెక్కేవాడు.

ఈ కార్తీకంలో ఓనరు భవానీప్రసాద్ గారు ఆయన్ని నందిగామ కొనుగోలు కేంద్రానికి మార్చారు. ఆఖరి రోజు సాయంత్రం లెక్కలు చూసే కృష్ణప్రియ "వెళ్లొస్తారాండీ" అంది. నెహెమ్యా కాటా గది తాళాలు అందుకున్నాడు. అంతే. సీజను కదా, ఎవరికి తీరిక అనుకుని భావనారాయణ ఐదింటికే బస్సెక్కాడు.

చిల్లకల్లు దాటుతుండగా మిల్లు వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. తన టేబులు మీద కేకు. దాని మీద ఎర్ర క్రీముతో 'హమ్మయ్య!' వెనక కిషోర్‌బాబు, కృష్ణప్రియ, నెహెమ్యా ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకుని నిలబడ్డారు. గుమ్మం అవతల టపాకాయలు పేలుతున్నాయి. కృష్ణప్రియ పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. ఎన్ని జోకులేసినా ఆ అమ్మాయి దగ్గర ఆయన అంత నవ్వు సంపాదించలేకపోయాడు.

వేరే గ్రూపులో పెట్టబోయి కిషోర్‌బాబు ఇందులో పెట్టేశాడు. నిమిషంలో తీసేశాడు గానీ, చూడాల్సిన ఇద్దరూ చూసేశారు. ఒకరు బస్సులో, ఒకరు ఓనరు కుర్చీలో.

మర్నాడు పొద్దున్నే నలుగురికీ పిలుపు.

"పత్తి మిల్లులో టపాకాయలా? ఒక పత్తి బేలు అంచు కాలింది. నెహెమ్యా బకెట్టు పట్టుకుని ఉరక్కపోతే అంతా బూడిదే! ఎవరు పెట్టిన పార్టీ ఇది?" భవానీప్రసాద్ గారు బల్ల గుద్దారు. "చెప్పకపోతే ముగ్గురూ రేపట్నుంచి రావక్కర్లా."

కృష్ణప్రియ కొంగుతో కళ్లు అద్దుకుంది.

"మీరు చెప్పండి భావనారాయణ గారూ. ఆ 'హమ్మయ్య' ఎవర్ని గురించి?"

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. ఆయన నోరెప్పుడు తెరుస్తాడా అని వాళ్లు ఎదురుచూడటం ఇన్నేళ్లలో అదే మొదలు. నిజం నాలుక చివరే ఉంది. చెబితే ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి. చెబితే, ఆ నవ్వు తన కోసం కాదనీ, తను లేనందుకనీ తన నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది.

"నా గురించేనండి," అన్నాడు. "ఇంటి దగ్గరికి వేశారు కదా, హమ్మయ్య అనిపించింది. పార్టీ నేనే పెట్టించా. టపాకాయలూ నేనే తెప్పించా."

"చెవుల్లో ఆ దూదేంటి?"

"మోతకండి."

"మరి ఫోటోలో మీరేరి?"

"తీసింది నేనేనండి."

భవానీప్రసాద్ గారు మెమో రాసి ఆయన ముందుకు తోశారు. "ఈ వయసులో ఇవేం పనులండీ! ఇది తీసుకుని నందిగామ వెళ్లండి. మళ్లీ ఈ మిల్లు గడప తొక్కొద్దు."

గేటు దాకా కిషోర్‌బాబు వెంటపడి వచ్చాడు. "బాబాయ్ గారూ... టీ తాగి వెళ్దురుగానీ. తిట్టండి. పోనీ ఎప్పట్లా ఏదో ఒకటి అనండి బాబాయ్ గారూ!"

"బస్సు టైమైంది కిషోరూ," అన్నాడు భావనారాయణ.

మధ్యాహ్నం నందిగామ కేంద్రంలో ఆయన పక్క కుర్చీ దేవమణిది. పాపం, కొత్తాయన కదా అని పలకరించింది.

"పేటలో సెండాఫ్ పార్టీ గట్టిగానే చేశారంటగా సార్?"

"గట్టిగానే చేశారమ్మా," అన్నాడాయన. "టపాకాయలు కూడా కాల్చారు."

ఇంకేమైనా చెబుతాడేమోనని ఆమె కాసేపు ఆగింది. ఆయన పుస్తకం తెరిచి, తర్వాతి బండిని కాటా మీదికి రమ్మని చెయ్యి ఊపాడు.